ఒకే ఎండలో రెండు కాలములు

పల్నాటి వీరులను ఎదుట కూర్చుండబెట్టుకొని వారి ముఖములను చిత్రించిన చిత్రకారుడు లేడు. పండ్రెండవ శతాబ్ది చివరిపాదమున కారెంపూడి రణరంగమునందు కూలిన ఆ వీరనాయకులకు గుర్తుగా వీరుల గుడిలో శిలలు నిలిచియున్నవి. కార్తికామావాస్య మొదలుకొని రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినములు వరుసగా సాగు ఉత్సవమున వారి పేరిట వీరాయుధములైన కొణతములు ఊరేగుచున్నవి. శ్రీనాథుని పేర వెలసి, అక్కిరాజు ఉమాకాంతముగారి చేతిమీదుగా 1911లో అచ్చుకెక్కిన ద్విపద కావ్యము వారి పలుకులను నేటికిని వినిపించుచున్నది. ముఖములు మాత్రము లేవు. ఐనను మాచెర్లలోగాని గురజాలలోగాని కొంచెము వయస్సు చెల్లినవారిని పలుకరించి, బ్రహ్మనాయుడెట్లుండునని అడిగినచో తడుముకొనకుండ వర్ణింతురు. ఆ వర్ణనమును నిదానించి చూచినచో అందు 1947నాటి ‘పల్నాటి యుద్ధము’ చలనచిత్రమున ఆ పాత్ర ధరించిన గోవిందరాజుల సుబ్బారావుగారి పోలికలో, 1966లో అదే పేరున వచ్చిన చిత్రములోని నందమూరి తారక రామారావుగారి పోలికలో కనబడును. నాగమ్మ యనగా కన్నాంబగారో భానుమతిగారో కన్నుల మెదలుదురు. బాలచంద్రుడనగా అక్కినేని వారి లేతముఖము తోచును. ఎనిమిది శతాబ్దముల వెనుకటి మనుష్యులకు మన తాతతండ్రులు తెరపై చూచిన నటుల ముఖములు అతికినవి. అతికిన చోటు మాత్రము ఎవ్వరికిని కనబడుట లేదు.

జనుల మనస్సులో కాలము చేసిన యీ పనినే ఫొటోగ్రాఫరు తన చేతులతో, తెలిసి తెలిసి, కొన్ని గంటలలో చేయబూనినప్పుడు దాని కష్టము బయటపడును. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాకు కేంద్రమైన నరసరావుపేట మొదలుకొని కృష్ణయొడ్డు పల్లెలదాక ప్రతి బజారులోని స్టూడియోయందును ఇట్టి పని జరుగుచునే యున్నది. వారు దానిని మిక్సింగు అందురు. పెళ్లి ఆల్బములలో, పుట్టినరోజు ఫ్లెక్సీలలో, గోడకు తగిలించు పెద్ద పటములలో ఒక చోటి మనిషిని మరియొక చోటికి, ఒకనాటి ముఖమును మరియొకనాటి దేహమునకు చేర్చుచున్నారు. వీనిలో ఉత్తమజాతిది భావచిత్రము. మనిషి రూపమును చూపుటతో తృప్తి చెందక, ఆ మనిషిని గూర్చిన యొక తలంపును చూపుట దాని లక్షణము: రైతు దోసిటిలో పచ్చగా నిలిచిన పొలము, చదువుకొనుచున్న బాలిక వెనుక కాబోవు వైద్యురాలి నీడ, వృద్ధుని కంటి అద్దములలో అతని చిన్ననాటి వీధి. ఇట్టివి ఒక్క క్షణమున కెమెరా యెదుట నిలువవు గనుక, వేరువేరుగా తీసిన చిత్రములను చేర్చుట తప్పనిసరి యగును.

ఇట్టి చిత్రములను చాలకాలముగా చూచుచున్నవాడను గనుక నా నిశ్చయమును ముందుగనే చెప్పుదును. భావచిత్రమునందు అసత్యము ఒక్కటియే యుండవలయును, అది తలంపు. తక్కినవన్నియు, అనగా ఎండ వచ్చిన దిక్కు, నీడ పడిన తీరు, కెమెరా నిలిచిన యెత్తు, చర్మముమీద వ్రాలిన రంగు, దూరపు కొండ వెలవెలబాటు, ఇవియన్నియు నిక్కములై యుండవలయును. చూచువాడు ఆ యొక్క అసత్యమును మనస్ఫూర్తిగా అంగీకరించును, ఏలయన చిత్రకారుడు దానిని దాచక ఎదుటనే పెట్టినాడు; తెలియక దొరలిన రెండవ అసత్యము, అది చెవి ప్రక్క నిలిచిన తెల్లని యంచంత చిన్నదైనను, మొదటిదానిని కూడ కూల్చివేయును. లోపమెక్కడ నున్నదో అతడు చెప్పలేకపోవచ్చును. కాని “ఏదో తేడాగా ఉంది” అనును. పుట్టినది మొదలు వెలుగునీడలలో మసలిన కన్ను గనుక, చదువుతో నిమిత్తము లేకయే అది పసిగట్టును.

ఒక చిత్రమును ఊహింతము. కారెంపూడిలో సున్నము కొట్టిన గోడ. దానిపై సాయంకాలపు ఎండ. గోడకు కొంత ముందుగా నిలిచిన పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు, నేటి చొక్కా, నేటి ప్యాంటు, భుజమున పుస్తకముల సంచి. గోడమీద పడిన నీడ మాత్రము అతనిది కాదు, కొణతము పట్టి నిలిచిన వీరునిది. ఇందలి అసత్యము ఒక్కటియే. అది ఒక్క చూపులో తెలియును. పల్నాటివానికి ఆ చూపుతోనే గుండె కదలును. ఇక దానిని నమ్మించుట యెట్లు?

తొందరపడువాడు కుఱ్ఱవాని ఫొటో తీసికొని, ఇంటర్నెట్టులో దొరికిన యోధుని ఆకారమును నల్లగా నింపి, గోడమీద అతికించి, కొంచెము పలుచన చేసి వదలివేయును. అది నీడ కాదు, నల్లకాగితపు ముక్క. నీడకు గుణములు కలవు. సూర్యబింబము మన కంటికి అరడిగ్రీ వెడల్పున కనబడును. ఆ వెడల్పు కారణముగా నీడయంచు, ఆ నీడను వేయు వస్తువునుండి దూరమైన కొలదిని మెత్తబడును. మీటరు దూరమునకు ఇంచుమించు ఒక సెంటీమీటరు మేర కరగును. కావున కుఱ్ఱవాని పాదముల కడ నేలపై మొదలగు నీడ పదునుగా నుండి, గోడనెక్కి తలకడకు చేరునప్పటికి అంచు చెదరి యుండవలయును. నీడ నలుపును కాదు. సూర్యకాంతి చేరని చోటికి ఆకాశకాంతి చేరును. ఆకాశకాంతి నీలిది గనుక, పసుపుబారిన సాయంకాలపు ఎండ ప్రక్కన సున్నపుగోడమీది నీడ సన్నని నీలివన్నె తాల్చును. గోడపై పెచ్చులూడిన చోట్లు, కుంచె గీతలు, చీమలబారు, ఎండలో నెట్లుండునో నీడలోను అట్లే మందముగా కనబడవలయును.

వీనినన్నింటిని కంప్యూటరులో కల్పింపవచ్చును, నేర్పరులు కల్పించుచున్నారు. కాని అంతకంటె సులభమును అంతకంటె సత్యమునైన మార్గము వేరొకటి కలదు: నీడను నిజముగా పడవేయుట. కెమెరాను స్టాండుపై బిగించి, ఇక దానిని ముట్టక, మొదట కుఱ్ఱవానిని తీయవలయును. వెనువెంటనే అతడు నిలిచిన తావుననే వీరవేషము ధరించినవానిని నిలిపి తీయవలయును. ఆపై ఎవ్వరును లేని వట్టిగోడను ఒక్కమారు తీసి యుంచుకొనవలయును. మొదటిదానినుండి మనిషిని, రెండవదానినుండి నీడను గైకొని, కుఱ్ఱవాని సొంత నీడ చెరపిన చోట మూడవదానినుండి గోడను నింపినచో, కంప్యూటరునకు మిగులు పని స్వల్పము. రెండు ఫొటోల నడుమ పది నిమిషముల జాప్యము జరిగినను నీడ తావు మారును గనుక వేషధారి ముందుగనే సిద్ధమై యుండవలయును. పూజలందుకొను కొణతమును ఇందుకై అడుగరాదు. వడ్రంగిచేత చేయించిన కొయ్యది చాలును, కావలసినది దాని నీడయే కదా. నీడను పడవేయు మనిషికి కుఱ్ఱవాని యెత్తే యుండవలయునని మరువరాదు. నిలిచిన తావొక్కటై యెత్తు మారినచో గోడపై తల మరియొక చోటికి పోవును, చూచువాని మనస్సు లెక్క కట్టకయే కట్టి, కాదనును.

ఇంతయు చెప్పుటలో నా యుద్దేశము, మిక్సింగు అనునది కంప్యూటరు ముందు మొదలగునది కాదని. ఫొటోషాప్ 1990లో వెలువడినది; చిత్రమును పొరలు పొరలుగా, అనగా లేయర్లుగా, విడదీసి పనిచేయు సౌకర్యము దానికి 1994లో అమరినది. అంతకు ముందు నూరేండ్లకు పైబడి ఈ విద్య చీకటిగదులలోను కెమెరా గర్భములోను నడచినది. 1857లో ఆస్కార్ రైలాండర్ అను ఫొటోగ్రాఫరు ముప్పదికి పైబడిన నెగటివులను ఒక్కొక్కటిగా కాగితముపై అచ్చొత్తి ‘జీవితపు రెండు మార్గములు’ అను మహాచిత్రమును కూర్చి, మాంచెస్టరు కళాప్రదర్శనమున నిలిపెను. విక్టోరియా రాణి దాని ప్రతిని కొనెను. మరుసటి యేడు హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివులతో, మరణశయ్యపై నున్న బాలికను ఆమె కుటుంబమును చిత్రించెను. ముప్పదికంటె ఐదు మేలని నా తీర్పు: రాబిన్సను చిత్రమునందు గది యొక్కటి, కిటికీ యొక్కటి, దుఃఖ మొక్కటి.

మన తెలుగువారు ఈ విద్యను సినిమాలో నేర్చిరి. 1957లో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’లో, కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణమున, ఘటోత్కచుడు వంటశాలలో పెరుగుట తగ్గుట చూచి చిన్నపిల్లలు మాత్రమే కాదు, పెద్దలును నోరు తెరచిరి. పడవ విహారపు వెన్నెలను జూచి అది నిజపు వెన్నెల యనుకొనినవారు నేటికిని కలరు. నాలుగేండ్లకు, 1961లో, ‘సీతారామ కల్యాణము’నకు కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ రావణుని పది తలలను ఒక్క మెడపై నిలిపెను. ఆ దినములలో చేసిన తప్పును దిద్దుకొన వీలు లేదు. లెన్సు ముందు ఒక భాగమును మూసి తీసిన ఫిల్మును వెనుకకు త్రిప్పి, మూసిన భాగమును తెరచి, అదే ఫిల్ముపై రెండవమారు తీయవలయును. నడుమ కెమెరా వెండ్రుకవాసి కదలినను, దీపము వాడి తగ్గినను మొదటికి వచ్చును. ఆ నిర్బంధమే వారికి గురువైనది: అన్ని తలలమీద ఒకే దీపము, ఒకే దిక్కునుండి, ఒకే వాడితో. నేడు దిద్దుబాటు అతిసులభమగుటచేతనే దీపమును మరచుచున్నాము.

ఆ మాటకు వచ్చిన, మన జిల్లాలోని అమరావతి శిల్పికి ఈ మర్మము పదునెనిమిది శతాబ్దములకు పూర్వమే తెలియును. నేడు చెన్నై మ్యూజియమున నున్న వలయఫలకముపై నాలాగిరి యను మదగజము వీధిలో జనమును త్రొక్కుచు వచ్చుటయు, అదే గజము బుద్ధుని పాదముల కడ మోకరిల్లుటయు ఒక్కచోటనే చెక్కబడినవి. రెండు క్షణములు, ఒక్క యేనుగు. ఇది సాధ్యము కాదని ఎవ్వరికిని తోచదు, ఏలయన వీధి యొక్కటి, మేడ కిటికీలనుండి తొంగిచూచు జనము ఒక్కటి. వారు చూచుచున్నారు గనుక మనమును చూచుచున్నాము. భావచిత్రము కూర్చువారు ఇందుండి గ్రహింపదగిన దొకటి కలదు. అతికిన ఇద్దరు మనుష్యులలో ఒకరి చూపు రెండవవారి భుజము మీదుగా ఎటో పోయినచో, అంచులెంత సుకుమారముగా కోసినను వారు ఒక్కచోట నున్నట్లు తోపదు. ఫొటో తీయునాడే, రానున్న రెండవ మనిషి కన్నులుండు చోట ఒక కఱ్ఱను పాతి, దానిని చూడుమని చెప్పిన చాలును.

పల్నాటి ఎండను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. కర్కాటకరేఖకు దక్షిణమున నున్న మనకు సూర్యుడు ఏట రెండు మారులు నడినెత్తికి వచ్చును. నరసరావుపేటకు అది మే తొలివారమునందును ఆగస్టు ప్రథమార్ధమునందును జరుగును. ఆ దినములలో మధ్యాహ్నము పండ్రెండు దాటిన కొన్ని నిమిషములకు నిటారుగా పాతిన గుంజకు నీడ యుండదు. అట్టి ఎండలో తీసిన ముఖమున కనుగుంటలు చీకటిగుహలై, ముక్కు నీడ పెదవిమీదికి దిగును. స్టూడియోలో మెత్తని దీపముతో తీసిన ముఖమును తెచ్చి, మే నెల మిట్టమధ్యాహ్నపు చేనిలో నిలిపినచో ఎవ్వరు నమ్ముదురు? చేను ఉదయము ఏడు గంటలకు తీసినదైనచో, మనిషిని కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి ముఖమునకు ప్రక్కనుండి వెలుగిచ్చినచో, సగము పని తీరినట్లే.

వెలుగు పైనుండి మాత్రమే రాదు, క్రిందినుండియు వచ్చును. ఫిబ్రవరి మొదలు వేసవి నడుమదాక పల్నాటిలో ఏ యూరికి పోయినను మిరపకల్లములు పరచియుండును. ఆ యెఱ్ఱని కాయల నడుమ కూర్చుండి తాలుకాయలు ఏరు స్త్రీని దగ్గరగా చూడుడు: గడ్డము క్రింద, ముక్కుపుటముల అడుగున, చేతి లోపలివైపున, తెల్లచీర కట్టినచో కుచ్చెళ్ల మడతలలో, ఒక యెఱ్ఱని కాంతి వ్రాలియుండును. నుదుటిమీద ఆకాశము, గడ్డము క్రింద మిరప; నడుమ ఆమె సొంత రంగు. స్టూడియోలో తీసిన స్త్రీని తెచ్చి ఈ కల్లములో నిలిపిన చిత్రములెన్నో చూచితిని. అంచులు నిర్దోషములు, నీడలు సరియైనవి, ఐనను ఆమె అక్కడ లేదు. ఆ యెఱ్ఱదనము లేకుండుటయే కారణము. దిద్దుట తేలిక: ఫొటో తీయునపుడు ఆమె ముందు నేలపై ఒక యెఱ్ఱని దుప్పటి పరచి, దానిమీద దీపము వేయుట. అట్లే పిడుగురాళ్ల సున్నపు బట్టీల నడుమ నిలుపదలచిన మనిషికి తెల్లదుప్పటి కావలయును. అచట నీడలుకూడ పాలిపోయి యుండును, కనురెప్పలపై వ్రాలిన తెల్లని పొడిని మరువరాదు.

కంటిపాపలోని వెలుగుచుక్కయు అట్టిదే. శివరాత్రినాటి కోటప్పకొండ తిరునాళ్లలో, వెదుళ్లతో ఆకాశమునకు కట్టిన విద్యుత్ప్రభల ముందు నిలిచిన బాలుని కన్నులను దగ్గరగా చూచినచో, పాపలలో రంగురంగుల చుక్కలు గుంపులై మెఱయుచుండును. చెంప ఒకప్రక్క ఆకుపచ్చన, ఒకప్రక్క నారింజ. అవి బల్బులు వెలిగి ఆరిన కొలది మారుచుండును. పెండ్లికొడుకు ముఖమును ప్రభముందర అతికి, కన్నులలో స్టూడియో పెట్టెదీపపు చతురస్రమును అట్లే విడిచిన చిత్రమునందు, ఆ చిన్న చతురస్రమే తాను వేరొకచోట నుంటినని సాక్ష్యము పలుకును. చూచువారు కన్నులనే మొదట చూతురు గనుక ఆ సాక్ష్యము తప్పించుకొనరానిది.

కెమెరా యెత్తును, దూరమును గూర్చి రెండు మాటలు చాలును. సమతలమైన నేలపై తీసినపుడు కెమెరా నడుమెత్తున నున్నచో వెనుకటి ఆకాశపు రేఖ నిలిచిన ప్రతివాని నడుమునే ఖండించును. ముఖమెత్తున నున్నచో ముఖమునే ఖండించును. మనిషిని ఒక యెత్తున, పొలమును మరియొక యెత్తున తీసినచో ఆ మనిషి నేలపై నిలువడు, తేలును. ఇక అడుగున్నర దూరమునుండి చేత పట్టి తీసికొన్న సెల్ఫీలో ముక్కు పెరిగి చెవులు వెనుకకు పోవును. పది పండ్రెండడుగుల దూరమునుండి తీసిన దేహముమీద ఆ తల నిలువదు. దీనికి లెన్సు కారణము కాదు, దూరము కారణము. బజారు కూడలులలోని ఫ్లెక్సీలలో మెడలు అంతగా ఎబ్బెట్టుగా నుండుటకు ఇదియే మూలము. దానికి తోడు వాట్సాపులో నలిగి వచ్చిన ఫొటో, గంటలో కావలెనను ఒత్తిడి. డిజైనరును నిందించుట న్యాయము కాదు. ఫొటోను డాక్యుమెంటుగా పంపి, ఒక పూట గడువిచ్చి చూడుడు. వారి చేతిలోని విద్య అప్పుడు తెలియును.

ఇంతదాక చెప్పినవి చేయిదిరిగినవారికి తెలిసినవే. వీనియన్నింటికంటె కఠినమైన పని, స్టూడియోకు మాటిమాటికి వచ్చునది, వేరొకటి కలదు. ఒక తల్లి వచ్చి, పెండ్లి ఆల్బమును బల్లమీద పెట్టి, “బాబూ, మా ఆయన్ని నా పక్కన నిలబెట్టగలవా? అమ్మాయి పెళ్లి చూడకుండానే పోయాడు” అనును. ఆమె తెచ్చిన ఆధారము ఒక్కటి: పట్టాదారు పాసుపుస్తకములోని ఫొటో, చెంప మీదికి ప్రాకిన కార్యాలయపు ముద్రతో, లేదా ఓటరు కార్డుమీది బూడిదరంగు ముఖము. అందు ఫ్లాషు ఎదుటినుండి కొట్టినది; ముఖమున నీడయే లేదు; ఆ వెలుగునకు బెదరిన కన్నులు, బిగిసిన పెదవులు. పెండ్లి మండపమున దీపములు ఇరుప్రక్కలనుండి వచ్చినవి. తల్లి చెంపమీద పసుపు మెఱపు, ముక్కుపుడకలో దీపపు ముక్క. ఈ రెండు వెలుగులు ఒక చోట ఇమడవు.

ఇక్కడ నేర్పరి మొదట చేయునది కంప్యూటరు తెరచుట కాదు, ప్రశ్నించుట. “మీ మరిది గారి ఇంట్లో పాత పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఉన్నాయా అమ్మా? ఆయన ఏ మూలనో నిలబడి ఉన్నా సరే.” అందమైన ఫొటో కాదు, వెలుగు సరిపోవు ఫొటో కావలయును, ఏదో మండపములో, ఇట్టి దీపముల నడుమనే, ప్రక్కకు తిరిగి నవ్వుచున్న చిన్న ముఖమైనను పాసుపుస్తకపు ముఖముకంటె వేయి మడుగులు మేలు. దేహమునకు ఆయన తమ్ముని, లేదా కొడుకును, ఆయన కట్టుకొను రీతిని పంచె కట్టించి, అదే దీపముల వరుసలో తీయవలయును. రక్తసంబంధమున భుజముల వాలు, చేతుల పొడవు తరచుగా కలియును. ఆ నిలిచినవాని చేతిని తల్లి కుర్చీ వీపుమీద ఆనించినచో, వ్రేళ్ల క్రింద సన్ననిది, చిక్కనిది, యొక చీకటి గీత పడును. రెండు వస్తువులు నిజముగా తాకిన చోట మాత్రమే పడు నీడ యది. అది యున్నచోట మనిషి యున్నాడు. అది లేనిచోట, తక్కినవెంత బాగున్నను, మనిషి లేడు. మిక్సింగులో నేను మొట్టమొదట వెదకునది దానినే.

వయస్సు ప్రశ్న దీనికంటె కష్టము. ఆయన పోయి పదేండ్లైనచో, ప్రక్కన కూర్చున్న భార్యకంటె ఆయన చిన్నవాడుగా కనబడును. జుట్టు నెరపించి, ముడుతలు గీసి పెద్దవానిని చేయుమని బంధువులు కొందరు కోరుదురు. చేయరాదని నా అభిప్రాయము. ఆ నెరసిన ముఖమును ఆమె యెన్నడును చూచి యుండలేదు. చూడని ముఖమును ఆమె ప్రక్కన నిలిపినచో, వచ్చినవాడు మరియొకడగును. ఆయన ఆమె ఎఱిగిన వయస్సుననే యుండనిమ్ము. అంతకంటెను, ఇష్టపడిన కుటుంబమునకు, నేను వేరొక కూర్పును సూచింతును: పెండ్లినాడే, ఆయన ఫొటోను పెద్దది చేయించి, అద్దపు చట్రములో బిగించి, తల్లి ఒడిలో పట్టుకొనగా తీయుట. అద్దముమీద మండపపు దీపములు మెఱయును, దండ నీడ ఫొటోమీద పడును, ఆమె వ్రేళ్లు చట్రపు అంచుమీద బిగియును. అందు ఒక్క అసత్యమును లేదు, ఐనను ఆయన పెండ్లిలో నున్నాడు. మిక్సింగు ఎంత కుదిరినను ఈ చిత్రము ముందు రెండవదే. కాని పెండ్లి జరిగిపోయిన పిమ్మట వచ్చిన తల్లిని ఒట్టిచేతులతో పంపలేము గదా. అందుకే ఆ విద్యయు కావలయును.

కూర్చిన చిత్రమును విడిచిపెట్టుటకు ముందు చేయవలసిన పరీక్షలు పాతవి, సులువైనవి. రంగులు తీసివేసి నలుపు తెలుపులలో చూచినచో, రంగు దాచిన వెలుగు తేడా బయటపడును. ఎడమ కుడులను తారుమారు చేసి చూచినచో, అలవాటుపడిన కన్ను క్రొత్తదై తప్పును పట్టును. ఏడడుగులు వెనుకకు వేసి కన్నులు సగము మూసి చూచినచో, ఎక్కడ ఎక్కువ నలుపున్నదో అచటికే చూపు పోవును. పాత ఫొటోలోని గరుకు, క్రొత్త ఫొటోలోని నునుపు ఒకదాని ప్రక్క నొకటి నిలువవు గనుక, తుదకు అన్నింటిమీద ఒకే సన్నని గరుకును చల్లవలయును. కొండ దూరముగా నున్నకొలది తేటదనము తగ్గి నీలిబారును. నరసరావుపేటనుండి కనబడు కోటప్పకొండ త్రికూటమునకు మనిషి జుట్టంత నలుపు ఇచ్చినచో కొండ వచ్చి భుజముమీద కూర్చుండును. తుదకు రెండు దినములు దానిని చూడక, మూడవనాడు చూడవలయును. ఈ చివరి నియమమును పాటించువారు అరుదు. పాటించినవారి పని వెంటనే తెలియును.

ఇప్పుడు కృత్రిమమేధ వచ్చినది. వాక్యమొకటి వ్రాసినచో యంత్రము వీరుని, గోడను, నీడను తానే కల్పించి యిచ్చును. అది యిచ్చు గోడ కారెంపూడి గోడ కాదు, అది యిచ్చు ముఖము ఏ తల్లి కన్న ముఖమును కాదు. ఆ లోపమును తీర్చుటకు సొంత ఫొటోలు చేర్చినవారు మరల ఎండ దిక్కును, నీడ మెత్తదనమును, మిరపకల్లపు ఎఱ్ఱదనమును చూచుకొనక తప్పదు. పని వేగము పెరిగినది. కన్ను అడుగు ప్రశ్నలు మారలేదు.

మారినది మరియొకటి. ఈ చిత్రములు ఇప్పుడు నిజముగా నమ్మించుచున్నవి. నలువదేండ్ల తరువాత ఆ పెండ్లి ఆల్బమును తెరచిన మనుమరాలు, తాతగారు అమ్మ పెండ్లిలో అమ్మమ్మ కుర్చీమీద చేయి వేసి నిలిచినాడని నమ్మును. సుబ్బారావుగారి ముఖమును బ్రహ్మనాయునిదిగా మనము నమ్మినట్లే. కావున స్టూడియోలవారికిని, కుటుంబపు పెద్దలకును ఒక విన్నపము. మిక్సింగు చేయించుకొనుడు, అది చక్కగా కుదురువరకు విడువకుడు. కాని పాసుపుస్తకములోని ఆ అసలు ఫొటోను, ముద్ర పడిన చెంపతో, అట్లే భద్రపరచుడు. కూర్చిన పటము వెనుక ఏ ముఖము ఏనాటిదో, దేహము ఎవరిదో, కూర్చిన యేడెప్పుడో రెండు పంక్తులు పెన్నుతో వ్రాసి యుంచుడు.